తాళం వేసిన గదిలో ఎర్ర చుక్క

దయ్యం మాట ఎవరెత్తినా నాకు మండేది. మా ఆడబిడ్డకు దయ్యం పట్టిందని ఒకసారి మంత్రగాడిని పిలిచారు. వాడు ఆ పిల్లను వేపమండతో బాదుతుంటే నేనే పోయి మండ గుంజుకుని పొయ్యిలో పెట్టాను. దవాఖానకు తీసుకుపోతే కడుపులో పుండు అన్నారు. మందులు వాడింది, తగ్గింది. అప్పటినుంచి మా వాడకట్టులో నన్ను మొండిది అంటారు. అననీ.

మనిషి పోతే మట్టి. మా ఆయనను పూడ్చి వచ్చిన రోజు కూడా నా నోట అదే మాట వచ్చింది.

నాకు చదువు రాదు. పేరు రాస్తాను, బస్సు నంబరు గుర్తుపడతాను, గడియారం చూస్తాను. ఇది నేను నోటితో చెబుతుంటే సౌజన్య రాస్తోంది. సౌజన్య యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసే పిల్ల, గుంటూరు వైపు వాళ్లు. జరిగినదాంట్లో ఆమె కూడా ఉంది. నేను చెప్పని మాట ఒక్కటి కూడా కలపొద్దని ఒట్టు వేయించుకున్నాను.

యూనివర్సిటీ లోపల, రాతి బిల్డింగుకు వెనుక ఒక గ్రీన్‌హౌస్ ఉంది. పైన ప్లాస్టిక్ కప్పు, చుట్టూ జాలీ. లోపల ఇనుప బల్లల మీద ట్రేలు, ట్రేలలో మొక్కలు. దానికి ఆనుకుని ఒక చిన్న గది. మధ్యలో పెద్ద అద్దం. గదిలో కంప్యూటరు, నీళ్ల మోటారు స్విచ్చి, ఒక కుర్చీ.

మా ఆయన సత్తయ్య అక్కడ ఇరవై రెండేళ్లు పనిచేశాడు. పోయిన ఎండాకాలం ఒక పొద్దున చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, అట్లనే గోడకు ఒరిగాడు. గుండె అన్నారు. ప్రొఫెసర్ మేడం పట్టుబట్టి ఆ పని నాకు ఇప్పించింది. పేరుకు ఏజెన్సీ పని. ఏజెన్సీ సూపర్‌వైజర్ అంజయ్య ఉంచితే ఉంటాను, పొమ్మంటే పోవాలి. మాకు పిల్లలు లేరు. లాలాపేటలో ఒక్క గది, ఒక అర్ర, కిరాయికి తీసుకుని ఉంటాను. ఈ పని పోతే ఆ అర్ర కూడా పోతుంది. నా సంగతి ఇంతే.

నీళ్లు పెట్టేది కంప్యూటరే. సౌజన్య దాంట్లో ఒక ప్రోగ్రాం రాసి పెట్టింది. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి అది తనంతట తానే లేచి మోటారు వేస్తుంది. పైన పైపుల నుంచి మంచులాగా నీళ్లు పడతాయి. కాసేపటికి అదే ఆపేస్తుంది. దాన్ని టైమరు అంటారు. మనిషి కూడా వేయొచ్చు. కీబోర్డు మీద నీలం స్టిక్కరు అంటించిన బటన్ నొక్కితే మోటారు లేస్తుంది. పెద్ద బటన్ నొక్కితే ఆగుతుంది. మనిషి వేస్తే మాత్రం తనంతట తాను ఆగదు. మనిషి నొక్కేదాకా చూస్తూ ఉంటుంది.

పనిలో చేరిన రోజు సౌజన్య ఇదంతా చెప్పింది. నాకు ఒకటి అర్థం కాలేదు.

"మనిషి వేసిండో టైమరు వేసిందో దానికెట్ల తెలుస్తది బిడ్డా?"

"లేవగానే అది ముందు అదే చూసుకుంటుంది బాలమణమ్మా. మనిషి లేపితే దాని ఎదురుగా ఒక స్క్రీను, ఒక కీబోర్డు ఉంటాయి. టైమరు లేపితే ఎదురుగా ఏమీ ఉండదు. ఎవరూ లేరని తెలుసుకుని, తన పని తాను చేసుకుని పడుకుంటుంది."

"అంటే ఎదురుంగ మనిషి కూసున్నడా లేదా అని సూస్తదా?"

"దాదాపు అంతే" అని నవ్వింది.

నేనూ నవ్వాను. నాకు అక్షరాలు రావని ఆ పిల్ల స్క్రీను మీద చుక్కలు పెట్టించింది. టైమరు వేస్తే పచ్చ చుక్క. మనిషి వేస్తే ఎర్ర చుక్క. పొద్దున పోగానే పచ్చ చుక్క పడిందా లేదా చూడాలి. పడకపోతే ఫోన్ చేయాలి. బటన్ల జోలికి మాత్రం పోవద్దు. అంజయ్య మరీ మరీ చెప్పాడు. "అక్కా, దాన్ని ముట్టుకున్నవో, నీ నౌకరీ గయా."

ఇంకొకటి చెప్పాలి. ఆ ట్రేలలో ఉన్నవి జొన్న మొలకలు. సౌజన్య చదువంతా వాటి మీదే. కిటికీ వైపు వరుసకు రోజూ నీళ్లు. గోడ వైపు వరుసను ఎండబెట్టాలి. నీళ్లు లేకుండా ఏ మొలక ఎన్నాళ్లు ఓర్చుకుంటుందో రాసుకుంటుంది. టైమరు వేస్తే గోడ వైపు పైపు మూసుకునే ఉంటుంది. మనిషి వేస్తే అన్ని వరుసలకూ నీళ్లు పోతాయి.

మా ఆయనకు ఈ ఎండబెట్టుడు పడేది కాదు. "పసిపిల్లను ఉపాసం పండవెట్టి ఎప్పుడు సస్తదో రాసుకునుడేం సదువే?" అని ఇంటికొచ్చి నా మీద కేకలేసేవాడు. ఒకసారి మగ్గుతో నీళ్లు పోసి మేడం చేత తిట్లు తిన్నాడు.

నేనూ ఒకసారి పోశాను. చేరిన మొదటి వారంలో. మొలకలు తలలు వాల్చేసి ఉంటే చెయ్యి ఆగలేదు. ఒకే ఒక్క మగ్గు. ఎవరికీ చెప్పలేదు. ఆ ఒక్క మగ్గే తరువాత నా మెడకు చుట్టుకుంది.

ఒక సోమవారం పొద్దున. నేను లాలాపేట నుంచి నడిచి, తార్నాకలో రోడ్డు దాటి, వాకింగ్ వాళ్లతో పాటే లోపలికి పోయి ఆరింటికి గ్రీన్‌హౌస్ తాళం తీస్తాను. ఆ రోజు తలుపు తీయగానే తడిమట్టి వాసన కొట్టింది. పైపుల నుంచి చుక్కలు ఇంకా కారుతున్నాయి. గోడ వైపు వరుస తడిసి ఉంది. ఆకుల కొనలకు నీటిబొట్లు.

చిన్న గదికి వేరే తాళం. అది వేసినట్టే ఉంది. తీసి చూస్తే స్క్రీను మీద ఎర్ర చుక్క.

సౌజన్యే మేడం దగ్గర చెవి తీసుకుని వచ్చి వేసి పోయిందనుకున్నాను. హాస్టలుకు ఫోన్ చేస్తే ఆ పిల్ల ఇంకా నిద్ర మంచం మీదే ఉంది. చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా పరుగెత్తుకుంటూ వచ్చింది. గోడ వైపు వరుస చూసి తల పట్టుకుంది. మూడేళ్లుగా చేస్తున్న పని అది, ఇది చివరి పంట. ఇది పాడైతే గడువులోపల పీహెచ్‌డీ పుస్తకం రాసివ్వడం ఆమె వల్ల కాదు.

"అమ్మా, నిజం చెప్పండి. మీరేమైనా నొక్కారా?"

"లేదు బిడ్డా."

"పోనీ నీళ్లేమైనా పోశారా?"

ఆ మాటకు నా మొహం మారిపోయింది. ఆ మగ్గు గుర్తొచ్చింది. ఆ పిల్ల నా మొహమే చూస్తోంది. నేను లేదన్నాను గానీ గొంతు నాకే దొంగ గొంతులా వినబడింది.

అప్పటికి మొలకలు ఇంకా చిన్నవే కాబట్టి సౌజన్య గోడ వైపు వరుసను తీసేసి కొత్త ట్రేలు పెట్టింది. మంగళవారం మళ్లీ ఎర్ర చుక్క. బుధవారం మళ్లీ. కంప్యూటరులో చూస్తే ప్రతిసారీ ఆరుకు పది నిమిషాల ముందు. మనిషి వేశాక టైమరు మళ్లీ వేయదు, ఆ పూటకు అది పడుకుంటుంది. నేను పోయేసరికి అంతా అయిపోయి ఉంటుంది.

బుధవారం సౌజన్య కంప్యూటరుకు ఉన్న నెట్ వైరు పీకేసింది. బయటినుంచి ఎవరో దొంగతనంగా నడుపుతున్నారేమో అంది. గురువారం పొద్దున ఎర్ర చుక్క. అదే రోజు మధ్యాహ్నం నేను బయట వేపచెట్టు కింద కూర్చుని అన్నం తింటున్నాను. గది తాళంచెవి నా కొంగుకు ఉంది. రెండు కావడానికి పది నిమిషాలు ఉండగా లోపల మోటారు గుర్రుమంది. డబ్బా అక్కడే వదిలేసి పోయి తాళం తీశాను. ఎవరూ లేరు. ఎర్ర చుక్క. మోటారు ఆగిపోయి ఉంది. 

అంజయ్య వచ్చాడు.

"తాళంచెవులు ఎన్ని?"

"రెండు. నా దగ్గరొకటి, మేడం దగ్గరొకటి."

"మరి మేడమా వచ్చి నొక్కిపోయింది?"

"నేను నొక్కలే అంజయ్యా. నా మీద ఒట్టు."

"నీ మీద ఒట్టేసుకుంటే కంప్యూటరుకేం తెలుస్తదక్కా? మనిషి నొక్కిండని అదే సెప్పవట్టె. అది అబద్ధమాడుతదా, నువ్వు ఆడుతవా?"

 సోమవారం దాకా చూస్తానన్నాడు. ఆలోపల ఎవరు చేశారో తేలకపోతే, పని నేనే మానుకుంటున్నానని కాగితం రాసుకొస్తాడట, నేను వేలిముద్ర వేయాలట. మర్యాదగా పోతే వేరేచోట పని దొరుకుతుందని నాకు మేలు చేస్తున్నట్టే చెప్పాడు.

ఆ రోజు మబ్బు పట్టింది. మూడున్నరకు సౌజన్య నన్ను చిన్న గదిలోకి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టింది. కోపం లేదు, కానీ మొహం తెల్లగా ఉంది.

"బాలమణమ్మా, సత్తయ్యగారు మీకు ఈ పని నేర్పారా?"

"ఆయన నాకు నేర్పుడా? ఈ గది మొహం నేను చూసిందే ఆయన పోయినంక."

ప్రోగ్రాం ఎప్పుడు లేచింది, ఎప్పుడు ఆగింది, అన్నీ కంప్యూటరు రాసి పెట్టుకుంటుందట. ఆ పిల్ల పాతవన్నీ తీసి చూసింది. మా ఆయన ఉన్నన్నాళ్లూ టైమరును నమ్మలేదు. పొద్దున ఆరుకు పది నిమిషాల ముందు, మధ్యాహ్నం రెండుకు పది నిమిషాల ముందు, అన్నం డబ్బా విప్పకముందే, తానే నీలం బటన్ నొక్కేవాడు. అప్పట్లో ఎండబెట్టే ట్రేలు పైపు లేని మూలన ఉండేవట. పోయి ట్రేలో ఇసుకలో వేలు పెట్టి చూసేవాడు. ఎండ ఎక్కువుంటే ఎక్కువసేపు, మబ్బుంటే తక్కువసేపు. తడి చాలనుకుంటే వచ్చి ఆపేవాడు.

"ఈ నాలుగు రోజులూ అంతే ఉంది" అంది సౌజన్య. "మంగళవారం ఎండ మండిపోయింది, ఎక్కువసేపు నడిచింది. ఇవాళ మబ్బు, సగం కూడా నడవలేదు. ఇంకొకటుంది. ఆయన ఆపడానికి పెద్ద బటన్ ఒకసారి నొక్కితే చాలు. రెండుసార్లు నొక్కేవారు. రెండోది ఎందుకూ పనికిరాదు, కింద ఒక ఖాళీ గీత పడుతుంది, అంతే. ఆయనవన్నీ ఇలాగే ఉన్నాయి. ఒక గీత, ఒక ఖాళీ."

నేను స్క్రీను వైపు చూశాను. నాకు చదవడం రాదు గానీ ఖాళీ కనిపిస్తుంది కదా.

"ఇవి ఆయనవి" అని పైవి చూపించింది. "ఇవి ఈ వారానివి" అని కిందవి చూపించింది.

కింద కూడా ఒక గీత, ఒక ఖాళీ. ఒక గీత, ఒక ఖాళీ.

ఇరవై ఆరేళ్లు కాపురం చేశాను. ఆ మనిషి ఇంటి తలుపుకు తాళం వేసి రెండుసార్లు గుంజేవాడు. గ్యాసు రెండుసార్లు బంద్ చేసేవాడు. ఫోన్‌లో పెట్టేస్తా అని రెండుసార్లు అనేవాడు. ఇవి సౌజన్యకు తెలియవు. అంజయ్యకు తెలియవు. నాకు తెలుసు.

నేను కుర్చీలోంచి లేచాను. అది ఆయన కూర్చునే కుర్చీ అని అప్పుడే గుర్తొచ్చింది. ఆ తరువాత ఇంతవరకు దాంట్లో కూర్చోలేదు.

"నీ మొగుడే కదా, భయమెందుకు?" అని చాలామంది అన్నారు. అన్నవాళ్లెవరూ ఆ గదిలో నిలబడలేదు. బతికున్న మొగుడు వేరు. పూడ్చివచ్చిన మనిషి పక్కన నిలబడి ఇసుకలో వేలు పెట్టి చూస్తున్నాడంటే అది మొగుడు కాదు, ఇంకేదో.  ఇంటికి పోయి ఆయన చొక్కాలు మూటకట్టి బయట పెట్టాను. పెట్టి మళ్లీ లోపలికి తెచ్చాను. బయట పెట్టినా భయమే, లోపల ఉంచుకున్నా భయమే.

శుక్రవారం సాయంత్రం ఒక పని చేశాను. మావైపు మనిషి పోయిన ఇంట్లో, ఆయన పండుకున్న చోట పిండి చల్లి మరునాడు చూస్తారు. ఏ అడుగు పడితే ఆ జన్మ ఎత్తాడంటారు. మా ఆయన పోయినప్పుడు మా అక్క చల్లుతానంటే నేను వద్దని కసిరాను. ఇప్పుడు నేనే తార్నాకలో ముగ్గుపిండి కొని, చిన్న గదిలో గడప నుంచి కంప్యూటరు బల్ల దాకా, కుర్చీ చుట్టూ, కాలు పెట్టడానికి చోటు లేకుండా చల్లాను. వెనక్కి వెనక్కి నడుస్తూ బయటికొచ్చి తాళం వేశాను.

శనివారం పొద్దున ఎర్ర చుక్క పడింది. పిండి మీద గీత కూడా లేదు. చీమ నడిచిన జాడ కూడా లేదు.

అడుగు పడి ఉంటే బాగుండు అనిపించింది. మనిషి అడుగైతే దొంగ దొరికినట్టు, నా నౌకరీ నిలబడినట్టు. ఏ అడుగూ లేదు. పోనీ ఇది చూపించి నేను కాదని చెప్పుకుందామా అంటే, ఎవరు నమ్ముతారు? నువ్వే నొక్కి తరువాత పిండి చల్లినవ్ అంటాడు అంజయ్య. చీపురు తెచ్చి ఊడ్చేశాను.

ఆ రోజు నేనే మేడం దగ్గరికి పోయాను. మగ్గుతో నీళ్లు పోసిన సంగతి చెప్పేశాను. "ఆ తప్పు నాది మేడం. ఇది నాది కాదు. మీరొక్కసారి వచ్చి మీ కళ్లతో సూడుండ్రి. నేనే అయితే సోమవారం దాకా ఎందుకు, ఆ ఘడియలోనే వేలిముద్ర వేసి పోత."

 మేడం సరే అంది. సోమవారం మధ్యాహ్నం వస్తానంది.

సోమవారం ఒకటిన్నరకు మేడం, సౌజన్య, అంజయ్య, నేను, నలుగురం గ్రీన్‌హౌస్‌లో ఉన్నాం. అంజయ్య చేతిలో కాగితం, ఇంకు డబ్బీ కూడా ఉన్నాయి. మేడం కొత్త తాళం తెచ్చింది. ముందు అందరం చిన్న గదిలోకి పోయి చూశాం. ఎవరూ లేరు, ఎవరూ దాక్కునే చోటు కూడా లేదు. సౌజన్య కంప్యూటరు నుంచి కీబోర్డు పీకింది, మౌసు పీకింది, రెండూ తన బ్యాగులో పెట్టుకుంది. నెట్ వైరు ముందే లేదు.

"ఇప్పుడు మనిషి వేయడం కుదరదు మేడం" అంది. "దేంతో వేస్తారు? రెండింటికి టైమరు వేస్తుంది, పచ్చ చుక్క పడుతుంది, అంతే."

కొత్త తాళం వేశారు. చెవి మేడం పిడికిట్లో. మేం అద్దానికి ఇటువైపు, ట్రేల మధ్య నిలబడ్డాం. నా చేతులు కనబడేలా ముందుకు పెట్టుకోమన్నాడు అంజయ్య. పెట్టుకున్నాను. బయట ఎండ పేలుతోంది. ప్లాస్టిక్ కప్పు కింద ఉడికిపోతున్నాం. ఎక్కడో నెమలి అరిచింది. అద్దంలోంచి స్క్రీను కనబడుతోంది, కుర్చీ కనబడుతోంది.

రెండు కావడానికి పది నిమిషాలు ఉండగా మోటారు లేచింది.

నలుగురి మీదా నీళ్లు పడ్డాయి. నేను పైకి చూడలేదు. అద్దంలోంచి స్క్రీనునే చూస్తున్నాను. ఎర్ర చుక్క.

"టైమరు ముందే లేచిందేమో" అంది మేడం.

"టైమరు వేస్తే గోడ వైపు పైపు తెరుచుకోదు మేడం" అంది సౌజన్య. గోడ వైపు పైపు నుంచి నీళ్లు జోరుగా పడుతున్నాయి. కొత్త మొలకలు కింద వంగిపోతున్నాయి.

"ముందు ఆపు దాన్ని" అంది మేడం.

"ఆపాలంటే బటన్ నొక్కాలి." ఆ పిల్ల తన బ్యాగు పైకెత్తి చూపించింది. "మనిషి వేశాడనుకుంటోంది కదా. మనిషి నొక్కేదాకా ఆగదు. కీబోర్డు నా బ్యాగులో ఉంది."

మేడం తలుపు దగ్గరికి ఉరికింది. కొత్త తాళం, తడి చేతులు, చెవి లోపలికి పోతోంది గానీ తిరగడం లేదు. మోటారు స్విచ్చి కూడా ఆ గదిలోనే ఉంది. మెయిన్ బంద్ చేస్తానని అంజయ్య రాతి బిల్డింగు వైపు పరుగెత్తాడు. కాగితం అతని చేతిలోంచి జారి నీళ్లలో పడింది.

నీళ్లు ఆగలేదు. ట్రేలు నిండి పొర్లుతున్నాయి. ఇసుక కొట్టుకుపోయి మొలకల వేర్లు తెల్లగా బయటపడుతున్నాయి. సౌజన్య రెండు చేతులూ ట్రేల మీద అడ్డం పెట్టి ఏడుస్తోంది. ఇంకొక ఐదు నిమిషాలు పోతే ఆమె మూడేళ్ల పని నీళ్లతో పాటే మోరీలోకి కొట్టుకుపోతుంది. నా సంగతి సరే సరి. ఎవరు వేసినా, ఇంత జరిగాక నన్ను ఎవరూ ఉంచరు.

అప్పుడు నేను అద్దం దగ్గరికి పోయాను. ధైర్యంతో కాదు.  చీర కిందిదాకా తడిసింది, అది నీళ్లతోనో దేంతోనో నాకే తెలియదు. అద్దం మీద అరచేత్తో కొట్టి, ఆ కుర్చీ వైపు చూసి అరిచాను.

"ఏమయ్యా! ఇగ చాలు! తాగినయి అవి! ఎండబెడితే సస్తయని పోస్తున్నవ్, ముంచి సంపుతున్నవ్! ఆ పిల్ల సదువు పోతది, నా బువ్వ పోతది. ఆపు!"

మోటారు ఆగింది.

ఇంతవరకు విన్నవాళ్లందరూ అడిగేది ఒకటే, అంజయ్య మెయిన్ బంద్ చేసి ఉంటాడు కదా అని. మేమూ అదే అనుకున్నాం. కానీ గదిలో లైటు వెలుగుతూనే ఉంది. స్క్రీను వెలుగుతూనే ఉంది. అంజయ్య తరువాత వచ్చాడు. బిల్డింగు తలుపు లోపలినుంచి గడియ వేసి ఉంటే, తీయమని అరుస్తూ బయటే నిలబడ్డాడట. మెయిన్ దాకా పోనే లేదు.

తాళం తెరుచుకుంది. మేడం లోపలికి పోయింది, వెనుక సౌజన్య పోయింది. నేను గడప దాటలేదు. సౌజన్య స్క్రీను ముందు వంగి చదివింది. ఎప్పుడు లేచిందో రాసి ఉంది. మనిషి అని రాసి ఉంది. ఎప్పుడు ఆగిందో రాసి ఉంది, బటన్ నొక్కితే ఆగిందని రాసి ఉంది. ఆ పిల్ల ఇంకా కిందికి చూసి, చేత్తో నోరు మూసుకుంది. నేను అడగలేదు. ఏం చూసిందో నాకు తెలుసు.

మేడం చాలాసేపు ఆ కుర్చీ పక్కన నిలబడింది. తరువాత అంది, "బాలమణి తప్పేమీ లేదు. ఇది బయట ఎవరికీ చెప్పాల్సిన పని లేదు."

అంజయ్య "వైరింగులో ఏదో ఉంటది మేడం" అన్నాడు. అంటూనే బయటికి నడిచాడు. నీళ్లలో పడిన కాగితం గురించి మళ్లీ ఎత్తలేదు. అప్పటినుంచి గ్రీన్‌హౌస్ లోపలికి రాడు. హాజరు వేసుకోవడానికి కూడా బయట నిలబడి "అక్కా, ఉన్నవా?" అని కేక వేస్తాడు.

పాత కంప్యూటరు తీసేశారు. స్టోర్‌రూములో బీరువా పైన, వైరు చుట్టి పెట్టి ఉంది. కొత్తది తెచ్చి సౌజన్య ప్రోగ్రాం మొత్తం మళ్లీ రాసింది. ఇందులో మనిషి వేసే దారే లేదు. నీలం స్టిక్కరు లేదు. ఎదురుగా మనిషి ఉన్నాడా అని అది అసలు చూసుకోదు. గోడ వైపు మొలకలు సగం బతికాయి. వాటితోనే ఆమె లెక్క సరిపెట్టుకుంది, పుస్తకం రాస్తోంది. నెలలు గడిచాయి. ఇప్పటిదాకా ఎర్ర చుక్క పడలేదు.

సౌజన్యను నేను చాలాసార్లు అడిగాను. నువ్వు రాసిన ప్రోగ్రామే కదా బిడ్డా, నీకు తెలియకుండా ఎట్ల ఉంటుంది అని. ఎదురుగా మనిషి లేకుండా ఉన్నాడని అది రాయడానికి తనకు తెలిసి ఒక్క దారి కూడా లేదని చెప్పింది. తెలిసినవాళ్లకు కూడా చూపించిందట. ఒకాయన కంప్యూటరు పాతదై ఉంటుందన్నాడు. పాతదైతే ఎండనూ మబ్బునూ ఎట్లా చూసింది? అది ఆయన చెప్పలేదు. నాకు తెలియదు. నేను అరిచినందుకు ఆగిందో, ఆగే ఘడియకు నేను అరిచానో, అది కూడా నాకు తెలియదు. నాకు చదువు లేదు కాబట్టి తెలియదనుకున్నాను ఇన్నాళ్లూ. చదువుకున్నవాళ్లకూ తెలియదు.

మేడం నన్ను లైబ్రరీ వైపు మారుస్తానంది. అడిగి చూస్తే అక్కడ ఖాళీ లేదన్నారు. ఉన్న పని నిలబడింది, అదే ఎక్కువ అనుకున్నాను. నిలబడింది కాబట్టి రోజూ పొద్దున ఆరింటికి ఆ తలుపు నేనే తీయాలి. ఇంకెవరూ తీయరు.

తీస్తున్నాను. కాకపోతే తాళంలో చెవి పెట్టేముందు గడప బయట నిలబడి గట్టిగా దగ్గుతాను. ఒకసారి దగ్గి, లోపల సర్దుకునేంత సేపు ఆగి, అప్పుడు తీస్తాను. ఖాళీ గదికి దగ్గుడెందుకమ్మా అని సౌజన్య అడిగింది. ఖాళీ అని నువ్వు రాసివ్వు బిడ్డా, మానేస్తాను అన్నాను.